పేనుబంక ఒక చెట్టుకు పట్టి పక్క చెట్టుకు ఎందుకు పట్టదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఒకే వరసలో పక్కపక్కనే రెండు పండ్ల చెట్లు. ఒకదాని చిగుళ్లన్నీ పేనుబంకతో ముడుచుకుపోయాయి, కింది ఆకుల మీద జిగురు పడి నల్లగా మసి పట్టింది. రెండోదాని మీద వెతికితే నాలుగైదు పురుగులు కనిపిస్తున్నాయి. చెట్టుకు పుట్టుకతోనే నిరోధక శక్తి ఉంటుందా, ఉంటే అంటు కట్టి పురుగు పట్టిన చెట్టుకు తేవచ్చా, ఏదైనా మందు కొట్టి ఆ శక్తిని పెంచవచ్చా?

ఉంటుంది. అంటుతో వస్తుందా అన్నది మీరు చెట్టులో ఏ భాగం మారుస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. మందుల సంగతి చివర్లో చెప్తాను, అక్కడ మాటలు ఎక్కువ, పస తక్కువ.

ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. శుభ్రంగా ఉన్న చెట్టు నిజంగా పురుగును తట్టుకుంటోందా, లేక ఈసారికి తప్పించుకుందా? ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. రెండు చెట్లూ ఒకే రకానికి కట్టిన అంట్లయితే వాటి పై భాగంలో జన్యువులు ఒకటే. అలాంటప్పుడు తేడా చెట్టులో కాదు, దాని చుట్టూ వెతకాలి. ఒకటి ముందు చిగిర్చి ఉండవచ్చు, ఒకదాని మొదట్లో చీమల పుట్ట ఉండవచ్చు, ఒకదానికి ఎరువు ఎక్కువ పడి ఉండవచ్చు. గింజ నుంచి వచ్చిన చెట్లయితే కథ వేరు. చాలా పండ్ల జాతుల్లో ప్రతి గింజ మొక్కా ఒక కొత్త మనిషి లాంటిదే, అక్కన్నుంచి నిజమైన నిరోధకత దొరికే అవకాశం ఉంది.

తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. పురుగులున్న చిన్న కొమ్మ తుంచి, శుభ్రంగా ఉన్న చెట్టు లేత చిగురుకు ఆనించి కట్టండి. తుంచిన కొమ్మ వాడిపోతుంటే పురుగులు వాటంతట అవే పక్క చిగురు మీదికి నడుస్తాయి. అక్షింతల పురుగులు, చీమలు రాకుండా పైన పల్చటి గుడ్డ సంచీ తొడగండి. పురుగు పట్టిన చెట్టు మీద కూడా ఇంకా పురుగు పట్టని చిగురు చూసుకుని ఇదే పని చేయండి. వారం పది రోజులకు రెండూ విప్పి పోల్చండి. రెండు సంచుల్లోనూ పిల్లలు సమానంగా పెరిగితే మీ చెట్టు ఇన్నాళ్లూ తప్పించుకుంది, అంతే. పురుగులు చిగురు వదిలేసి గుడ్డ మీద తిరుగుతుంటే ఆ చెట్టు వాటికి నచ్చలేదు. చిగురు మీదే ఉన్నా చిన్నగా, పిల్లలు లేకుండా ఉంటే చెట్టు రసం వాటిని ఎదగనివ్వడం లేదు. పురుగులు బాగానే పెరిగినా ఆకు ముడుచుకోకుండా ఉంటే చెట్టు దెబ్బను ఓర్చుకుంటోంది. 1951లో రెజినాల్డ్ పెయింటర్ అనే అమెరికన్ కీటక శాస్త్రవేత్త నిరోధకతను ఈ మూడు తరహాలుగానే విడదీశాడు. ఇప్పటికీ మేము మాట్లాడుకునే భాష అదే.

ఇక అసలు విషయం. చాలామంది నిరోధకత అంటే పురుగు చెట్టు మీద వాలకపోవడం అనుకుంటారు. రెక్కల పేనుబంక చెట్టును చూసి ఎంచుకోవడంలో అంత నేర్పరి కాదు. గాలివాటున వస్తుంది, పసుపు ఆకుపచ్చ రంగుకు ఆకర్షణ పడి వాలుతుంది. ఆ రంగు పిచ్చి వల్లే పసుపు జిగురు అట్టలకు అంటుకుంటుంది కూడా. తన చెట్టు అవునో కాదో దానికి తెలిసేది ఎక్కువగా కుట్టి చూశాకే. కాబట్టి పోరాటమంతా కుట్టిన తర్వాత, ఆకు లోపల జరుగుతుంది.

ఆకు పైనున్న నూగు, మైనం పొర మొదటి అడ్డు. నూగు దట్టంగా ఉంటే చిన్న పురుగు కాలూనడానికి, మూతి ఆన్చడానికి ఇబ్బంది పడుతుంది. అయితే పండ్ల చెట్ల విషయంలో నేను దీనికి పెద్ద మార్కులు వేయను. కొన్ని జాతుల పురుగులు నూగు ఆకుల మీదే హాయిగా బతుకుతాయి.

మూతి లోపలున్న సన్నటి సూది చర్మం దాటాక కణాల మధ్య సందుల్లోంచి దారి చేసుకుంటూ వెళ్తుంది. నమలదు, చీల్చదు. దారిలో కొన్ని కణాలను క్షణకాలం పొడిచి రుచి చూస్తుంది. వెళ్తూ వెళ్తూ గట్టిపడే ఒక రకం లాలాజలం వదులుతుంది, అది సూది చుట్టూ గొట్టంలా బిగుసుకుంటుంది. ఇలా ఈనెలోని పోషక నాళం చేరడానికి చాలాసార్లు గంటకు పైనే పడుతుంది. దారిలో ఎదురయ్యే కణాల్లో ఫినాల్ పదార్థాలు, చేదు పదార్థాలు ఉంటాయి. ఆపిల్ ఆకులో ఫ్లోరిడ్జిన్, పీచ్, చెర్రీ కుటుంబంలో సయనైడ్ విడుదల చేసే ప్రునాసిన్ లాంటివి. వేరే చెట్లకు అలవాటు పడిన పురుగులు చాలావరకు ఇక్కడే వెనుదిరుగుతాయి. మీ తోటలో కూరగాయల మీద, కలుపు మీద కనిపించే పేనుబంక జాతులన్నీ పండ్ల చెట్లెక్కకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

పోషక నాళం చేరాక ఆట మారుతుంది. ఆ నాళంలో రసం ఒత్తిడితో ప్రవహిస్తుంటుంది, పురుగు పెద్దగా పీల్చకుండానే నోట్లోకి వస్తుంది. తాగుతున్న పురుగు సూదిని లేజర్‌తో కోసేస్తే మిగిలిన ముక్కలోంచి రసం బొట్లు బొట్లుగా కారుతూనే ఉంటుంది. చెట్టు రసాన్ని పరీక్షకు తీయాలంటే శాస్త్రవేత్తలు ఈ చిట్కానే వాడతారు. చెట్టు మామూలుగా నాళానికి గాయమైతే ప్రొటీన్లతో, కాలోజ్ అనే పదార్థంతో ఆ చోటు మూసేస్తుంది. పేనుబంక దీనికి విరుగుడుగా నీళ్లలాంటి రెండో రకం లాలాజలం వదులుతుంది. నాళం మూసుకోవాలంటే కాల్షియం సంకేతం కావాలి, ఆ లాలాజలంలోని ప్రొటీన్లు కాల్షియాన్ని పట్టేసి సంకేతాన్ని నొక్కేస్తాయి. లొంగే రకం చెట్టుకు తనను తాగుతున్నారన్న సంగతే సరిగా అందదు.

నిరోధక రకంలో ఆ లాలాజలాన్నే గుర్తుపట్టే జన్యువు ఉంటుంది. గుర్తుపట్టగానే పొడిచిన చోట కణాలు రసాయనాలు పోగేస్తాయి, కొన్ని చచ్చిపోతాయి, నాళం మూసుకుంటుంది. పీచ్‌లో దీనికి బాగా పరిశోధించిన ఉదాహరణ ‘రుబిరా’ అనే ఎర్రాకు రకం. ఆకుపచ్చ పీచ్ పేనుబంక దాని మీద వాలుతుంది, కుడుతుంది, ఒకటి రెండు రోజుల్లో చెదిరిపోతుంది. కుట్టిన చోట లేత కాడ మీద ఎర్రటి మచ్చలు మిగులుతాయి. దీని వెనక ఒకే ఒక్క బలమైన జన్యువు ఉందని తేలింది, దానికి ఆర్ఎం2 అని పేరు పెట్టారు. అంతేకాదు, ఒకసారి పురుగు కుట్టిన కొమ్మ మీద తర్వాత వచ్చే పురుగులకు నిలదొక్కుకోవడం ఇంకా కష్టం. కాబట్టి శుభ్రంగా ఉన్న మీ చెట్టు చిగుళ్ల మీద చిన్న మచ్చలుంటే తెగులు అనుకుని కంగారు పడకండి. భూతద్దంతో చూడండి, అవి చెట్టు గెలిచిన గుర్తులు కావచ్చు.

ఓర్చుకునే తరహాకు ఆపిల్‌లో ‘ఫ్లోరినా’ మంచి ఉదాహరణ. రోజీ ఆపిల్ పేనుబంక మామూలు రకాల ఆకులను చుట్టలా ముడిచేసి, ఆ ముడతలో దాక్కుని పెరుగుతుంది, పిందెలను కూడా గిడసబారుస్తుంది. ఫ్లోరినా మీద ఆకు ఆ విధంగా ముడుచుకోదు. ముడత లేకపోతే పురుగుకు ఇల్లు లేనట్టే. అక్షింతల పురుగులకు, సిర్ఫిడ్ ఈగ పిల్లలకు బాహాటంగా దొరికిపోతుంది, మందు కొట్టినా తగులుతుంది. నా దృష్టిలో ఇంటి తోటకు ఇదే అన్నిటికన్నా పనికొచ్చే లక్షణం. దీన్ని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే పురుగు కనబడుతూనే ఉంటుంది కదా.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, అంటు. ఈ విషయంలో పండ్ల చెట్ల చరిత్ర చాలా నేర్పుతుంది. ఆపిల్ మీద తెల్లటి దూదిలా అంటుకునే ఉన్ని పేనుబంక కొమ్మల మీదే కాదు, వేళ్ల మీదా బతుకుతుంది, పట్టిన చోట గడ్డలు కట్టిస్తుంది. ‘వింటర్ మేజెటిన్’ అనే ఆపిల్‌కు ఇది పట్టదని లిండ్లీ అనే ఉద్యాన నిపుణుడు ఇంగ్లండ్‌లో 1831లోనే రాశాడు. కీటకాన్ని తట్టుకునే మొక్క గురించి దొరికే తొలి రాతల్లో ఇదొకటి. తర్వాత అమెరికా రకం ‘నార్తర్న్ స్పై’ ఇంకా బాగా తట్టుకుంటుందని తెలిసి, 19వ శతాబ్దంలోనే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తోటల్లో దాన్ని వేరు మొక్కగా, అంటే అంటులో వేళ్లనిచ్చే కింది భాగంగా వాడారు. ఇంగ్లండ్‌లో ఈస్ట్ మాలింగ్ కేంద్రం, జాన్ ఇన్స్ సంస్థ కలిసి నార్తర్న్ స్పైతో సంకరం చేసి ఎం.ఎం. శ్రేణి వేరు మొక్కలు తీశాయి. ఎం.ఎం. 106, ఎం.ఎం. 111 అలా వచ్చినవే.

ఆ వేరు మొక్క మీద కట్టిన ఆపిల్ చెట్టుకు వేళ్ల మీద ఉన్ని పేనుబంక నిలవదు. పైన కట్టిన రకం లొంగేదైతే కొమ్మలకు మాత్రం పడుతూనే ఉంటుంది. పురుగు లాలాజలాన్ని గుర్తుపట్టాల్సింది అది పొడిచిన కణం. ఆ కణంలో జన్యువు లేకపోతే వేళ్లలో ఉండి లాభం లేదు. వేళ్ల మీద పురుగు లేకపోతే అక్కడి నుంచి కాండం మీదికి పాకే మంద తగ్గుతుంది, ఆ మేలు ఉంది. వేరు మొక్క చెట్టు జోరును తగ్గిస్తే చిగుళ్ల జోరూ తగ్గి కొంత మేలు జరుగుతుంది. అంతకు మించి ఆశించకండి. ‘పురుగు తట్టుకునే వేరు మొక్క’ అని చెప్పి మొక్క అంటగడితే ఏ పురుగును, ఏ భాగంలో అని రెండు ప్రశ్నలు అడగండి.

ద్రాక్షలో ఇదే సూత్రం పెద్ద ఎత్తున పనిచేసింది, ఎందుకంటే అక్కడ ప్రాణం తీసే దెబ్బ వేళ్ల మీదే. ఫిలోక్సెరా పేనుబంకకు దగ్గరి చుట్టం. 1860లలో అమెరికా నుంచి ఫ్రాన్స్ చేరి తోటలకు తోటలు ఎండగట్టింది. 1868లో ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త ప్లాంషాన్, ఆయన సహచరులు చచ్చిపోతున్న తీగల వేళ్ల మీద పురుగును కనిపెట్టారు. దానితో పాటే తరతరాలుగా బతికిన అమెరికా అడవి ద్రాక్షల వేళ్లు, పురుగు పొడిచిన చోటు చుట్టూ బెరడు పొర అల్లి గాయాన్ని వేరు చేస్తాయి. కుళ్లు లోపలికి పాకదు. యూరప్ ద్రాక్షను ఆ వేళ్ల మీద అంటు కట్టి పరిశ్రమను నిలబెట్టారు. అయితే కాలిఫోర్నియాలో విస్తారంగా వాడిన ఏఎక్స్ఆర్1 అనే వేరు మొక్కకు ఒక వైపు తల్లిదండ్రి యూరప్ ద్రాక్షే. నిరోధకత అరకొర. 1980లలో దాని మీద పెరగగలిగే ఫిలోక్సెరా రకం బలపడి, ఆ తోటలు తీసేసి మళ్లీ నాటాల్సి వచ్చింది. ఆపిల్‌లోనూ నార్తర్న్ స్పైని లెక్కచేయని ఉన్ని పేనుబంక రకాలు ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో కనబడ్డాయి. మగవాటితో పని లేకుండా పిల్లల్ని కనే పురుగు ఇది. పుట్టే ఆడపిల్ల కడుపులో అప్పటికే దాని పిల్లలు తయారవుతుంటాయి. ఒకే జన్యువు మీద ఆధారపడ్డ నిరోధకతను ఇలాంటి పురుగు ఎప్పుడో ఒకప్పుడు దాటుతుంది. చెట్టు మాత్రం దశాబ్దాల పాటు అక్కడే నిలబడి ఉంటుంది.

మీ విషయానికొస్తే, పరీక్షలో మీ చెట్టు నిజంగా తట్టుకుంటున్నదని తేలి, దాని పండు కూడా మీకు నచ్చితే, తారుమారుగా చేయండి. తట్టుకునే చెట్టు కొమ్మల్ని తీసి లొంగే చెట్టు పైన కట్టండి, అంటే లొంగే చెట్టు తల మార్చేయండి. పండు నచ్చకపోతే ఆ నిరోధకత మీకు ఉపయోగపడదు. దాన్ని మంచి పండుతో కలపడం సంకరం చేసేవాళ్ల పని, పండ్ల చెట్లలో అందుకు ఏళ్లు పడుతుంది.

ఇక్కడ ఒక మెలిక. పురుగును తట్టుకోవడం వేరు, పురుగు మోసుకొచ్చే వైరస్‌ను తట్టుకోవడం వేరు. బొప్పాయి రింగ్‌స్పాట్ వైరస్‌ను మోసే పేనుబంకలు బొప్పాయి మీద కాపురం పెట్టవు. వాలి, చర్మాన్ని ఒక్క క్షణం పొడిచి రుచి చూసి ఎగిరిపోతాయి, ఆ క్షణం చాలు వైరస్ ఎక్కడానికి. అందుకే పురుగు మందు కొట్టి ఆ తెగులు ఆపలేం, మందు పనిచేసే లోపే పని అయిపోతుంది. హవాయిలో డెన్నిస్ గొన్సాల్వెస్ బృందం వైరస్ జన్యువు ముక్కనే బొప్పాయిలో పెట్టి తయారు చేసిన రెయిన్‌బో, సన్అప్ రకాలు 1998లో రైతులకు అందాయి. వాటి మీద పురుగులు వాలుతూనే ఉంటాయి, వైరస్ మాత్రం నిలవదు. నిమ్మ జాతిలో ట్రిస్టెజా వైరస్‌ది ఇంకో కథ. పుల్ల నారింజ వేరు మొక్క మీద కట్టిన బత్తాయి చెట్లు దక్షిణ అమెరికాలో 1930ల నుంచి లక్షల్లో పోయాయి. రంగపూర్ నిమ్మ లాంటి వేరు మొక్కల మీద కట్టినవి అదే వైరస్‌ను ఒంట్లో పెట్టుకుని కూడా కాపు కాశాయి. మీ చెట్టు ఆకుల్లో మొజాయిక్ మచ్చలు, ఈనెలు తేలడం లాంటివి ఉంటే పైన చెప్పిన గుడ్డ సంచీ పరీక్ష చేయకండి, వైరస్‌ను మీరే మోసుకెళ్లినట్టవుతుంది.

చెట్టు ఒంటరిగా కూడా పోరాడదు. పురుగు తాగుతున్న ఆకు మిథైల్ సాలిసిలేట్ లాంటి వాసనలు వదులుతుంది, వాటి ఆనవాలు పట్టుకుని అక్షింతల పురుగులు, లేస్‌వింగ్ పురుగులు వస్తాయి. పీచ్, చెర్రీ ఆకు తొడిమ దగ్గర చిన్న చిన్న తేనె గ్రంథులుంటాయి, చిన్న కందిరీగలకు అవి దాణా. అవే గ్రంథులు చీమలనూ పిలుస్తాయి, చీమ ఎటువైపు ఉంటుందో చెప్పలేం. గొంగళి పురుగుల్ని తరిమేస్తుంది గానీ, తియ్యటి జిగురు కోసం పేనుబంకను మాత్రం పశువుల్లా కాస్తుంది. మొదట్లో జిగురు పట్టీ చుట్టి చీమలను ఆపితే ‘లొంగే’ చెట్టు కొన్ని వారాల్లో ‘తట్టుకునే’ చెట్టులా మారడం చూడొచ్చు. పట్టీ నేరుగా బెరడుకు పూయకండి, కింద కాగితమో గుడ్డో ఉండాలి. ఆకు కింద ఉబ్బి గోధుమ రంగులో గట్టిపడ్డ పేనుబంకలు కనిపిస్తే లోపల కందిరీగ పిల్ల ఉన్నట్టు. అప్పుడు మందు జోలికి పోవద్దు.

ఇక ఈ నిరోధకతను పాడు చేసేది ఎక్కువగా మనమే. పోషక నాళంలోని రసంలో చక్కెర దండిగా, అమైనో ఆమ్లాలు పిసరంత ఉంటాయి. పేనుబంకకు కొరత చక్కెరలో కాదు, నత్రజనిలో. అందుకే అంత రసం తాగి చక్కెరను జిగురుగా వదిలేస్తుంది. తన ఒంట్లో పెంచుకునే బుక్నెరా అనే బ్యాక్టీరియా కొన్ని అమైనో ఆమ్లాలు తయారు చేసి పెట్టకపోతే అది బతకనే బతకదు. మనం యూరియా ఎక్కువ వేస్తే రసంలో ఆ కొరత తీరుతుంది, చిగురు మెత్తగా, పొడుగ్గా, ఎక్కువ రోజులు లేతగా ఉంటుంది. కత్తిరింపు గట్టిగా చేసినా అంతే, నిలువుగా దూసుకొచ్చే నీటి కొమ్మలు పురుగుకు పండగ. ముదిరిన ఆకు మీద చాలా జాతుల పేనుబంక నిలవలేదు. అందువల్ల చిగురు త్వరగా ముదిరి ఆగిపోయే చెట్టుకు జన్యువుతో పని లేకుండానే సగం రక్షణ దొరుకుతుంది. నేనైతే ముందు ఎరువు లెక్క చూస్తాను, తర్వాతే జన్యువు గురించి ఆలోచిస్తాను.

మూడో ప్రశ్న, శక్తి పెంచే మందులు. సాలిసిలిక్ ఆమ్లం దారిని తట్టిలేపే రసాయనాలు నిజంగానే ఉన్నాయి, కొన్ని బ్యాక్టీరియా తెగుళ్ల మీద పనిచేస్తాయి. పండ్ల చెట్ల పేనుబంక మీద మాత్రం వాటి ఫలితం నిలకడగా ఉండదు. సిలికా పిచికారీలు గడ్డి జాతి పంటలకు మేలు చేసినంతగా పండ్ల చెట్లకు చేయవు, ఎందుకంటే ఆ చెట్లు సిలికాను అంతగా పోగు చేసుకోవు. చలికాలం ముందు గుడ్లు పెట్టడానికి చెట్టుకు తిరిగొచ్చే జాతులైతే, ఆ సమయంలో ఆకుల మీద కెయోలిన్ తెల్లమట్టి పొర చల్లడం ఉపయోగపడుతుంది. అది చెట్టు శక్తిని పెంచదు, పురుగును తికమక పెడుతుంది. ముదురు ఉధృతికి నీటి ధార, సబ్బు ద్రావణం, వేపనూనె సరిపోతాయి, ఆకు అడుగున తగలాలి. పైరెత్రాయిడ్లు కొడితే పేనుబంక కన్నా ముందు దాని శత్రువులు పోతాయి, కొన్నాళ్లకు అది రెట్టింపుగా తిరిగొస్తుంది.

ఇంకా సూటిగా చెప్పాలంటే నాకు కొన్ని వివరాలు కావాలి: అది ఏ పండు, రెండు చెట్లూ అంట్లా గింజ మొక్కలా, పురుగు ఏ రంగు, ఆకు ఎటువైపు ముడుచుకుంటోంది, కాండం మీద చీమల బారు ఉందా. వీలైతే శుభ్రంగా ఉన్న చెట్టు లేత కాడను దగ్గరగా తీసిన ఫోటో కూడా పెట్టండి, ఆ ఎర్రటి మచ్చలు ఉన్నాయో లేదో చూద్దాం.